బరంపురంలో మా నర్సింగ్ హోమ్‌కి ఫైర్ డోర్లు: నాలుగు కొటేషన్లు, పని చేసిన విశాఖ వాళ్లు

ఫైర్ డోర్లకి, అంటే మంటని, పొగని అవతలే ఆపే తలుపులకి కొటేషన్ అడిగినప్పుడు, ధర చెప్పేముందు ఎదురు ప్రశ్నలు వేసే మనిషి దొరికితే ఆయన్ని వదులుకోకండి. ఒడిశా బరంపురంలో మా నర్సింగ్ హోమ్‌కి ఈ మధ్యే ఈ తలుపులు పెట్టించాం. కొనుగోళ్లు, బిల్లులు, కాంట్రాక్టర్లతో మాటలు అన్నీ నేనే చూస్తాను. హైదరాబాద్‌లో ఒకరిని, భువనేశ్వర్‌లో ఒకరిని, విశాఖలో ఒకరిని, మా ఊళ్లోనే ఒక వెల్డింగ్ షాపుని రేట్లు అడిగాం. చివరికి పని విశాఖ వాళ్లకిచ్చాం. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఊరి పేరుతోనే చెప్తాను. గంజాం, గజపతి, రాయగడ వైపు చిన్న ఆస్పత్రులు, లాడ్జీలు, కల్యాణ మండపాలు నడిపే మనవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ అవసరం పడుతుంది. అందుకే ఎవరి కాగితంలో ఏముందో, ఏం లేదో వివరంగా రాస్తున్నాను.

మాది గ్రౌండ్ ఫ్లోర్, దానిపైన మూడు అంతస్తులు. మెయిన్ మెట్లు మధ్యలో, ఇంకో మెట్లు వెనక వైపు. కట్టినప్పుడు మెట్ల దగ్గర మామూలు ఫ్లష్ డోర్లు పెట్టారు. స్ట్రెచర్‌కి అడ్డమని కొన్నిటికి రెక్కలు ఎప్పుడో తీసేశారు. ఫైర్ సర్వీస్ వాళ్లు తనిఖీకి వచ్చి మెట్ల దారులకి, ఎలక్ట్రికల్ ప్యానెల్ గదికి, స్టోర్‌కి రెండు గంటల ఫైర్ డోర్లు, అంటే మంటకి రెండు గంటలు ఆగేవి, పెట్టమని రాసిచ్చారు. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగంలో కూడా మెట్ల దారుల తలుపులకి చెప్పింది 120 నిమిషాలే.

కేవలం సర్టిఫికెట్ కోసమే అయితే చౌకలో చౌక చూసుకునేవాళ్లమేమో. కానీ 2016 అక్టోబర్ 17న భువనేశ్వర్ సమ్ ఆస్పత్రిలో జరిగింది ఒడిశాలో ఆస్పత్రి ఉద్యోగం చేసేవాళ్లెవరూ మర్చిపోలేదు. డయాలసిస్ వార్డులో మొదలైన మంట ఐసీయూ దాకా పాకి 20 మందికి పైగా పోయారు. అంతకుముందు 2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున కోల్‌కతా ఏఎంఆర్‌ఐ ఆస్పత్రిలో మంట పుట్టింది బేస్‌మెంట్‌లో. ప్రాణాలు పోయింది మాత్రం పై అంతస్తుల్లో, మంచాల మీద పడుకున్నవాళ్లవి. ఎక్కువమందిని చంపింది పొగే. మా దగ్గరా ఆపరేషన్ అయి లేవలేనివాళ్లు, సెలైన్ ఎక్కుతున్నవాళ్లు, పురిటి తల్లులు ఉంటారు. వాళ్లు పరుగెత్తి మెట్లు దిగలేరు. నర్సులు ఒక్కొక్కరినీ కదిలించేదాకా ఆ పొగని అవతలే ఆపాల్సింది ఈ తలుపే. మా డాక్టర్ గారు మొదట్లోనే ఒక మాటన్నారు: "రేటు సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు నిజంగా ఆగే తలుపేదో తేల్చండి."

నలుగురికీ ఒకే కాగితం పంపాను. మెయిన్ మెట్లకి అంతస్తుకి ఒకటి చొప్పున రెండు రెక్కల తలుపులు నాలుగు. వెనక మెట్లకి పై మూడు అంతస్తుల్లో, ప్యానెల్ గదికి, స్టోర్‌కి ఒంటి రెక్కవి ఐదు. గోడలో ఉన్న కంత వెడల్పు, ఎత్తు, మొబైల్‌లో తీసిన ఫొటోలు జతచేశాను. కాగితం ఒకటే అయినా వచ్చిన నాలుగు జవాబులకీ పొంతన లేదు.

హైదరాబాద్ వాళ్లది ఆ పూటే వచ్చేసింది. ఒంటి రెక్క ₹24,500, రెండు రెక్కలది ₹43,000, మొత్తం ₹2,94,500. చూడగానే ప్రాణం లేచొచ్చింది, బడ్జెట్‌లో సగం మిగిలినట్టే అనిపించింది. కింద షరతుల్లోకి వెళ్తే అసలు సంగతి తెలిసింది. హార్డ్‌వేర్ విడిగా. అంటే మడత బందులు, తాళం, తలుపుని తనంతట మూసే డోర్ క్లోజర్, తోస్తే తెరుచుకునే పానిక్ బార్ ఏవీ ఆ రేటులో లేవు. తనంతట తాను మూసుకోని ఫైర్ డోర్ ఉన్నా లేనట్టే కదా, మరి క్లోజర్ లేకుండా ధర కట్టడమేమిటి? లారీ కిరాయి విడిగా, దింపుకోవడం మన పని, బిగింపు విడిగా, జీఎస్టీ అదనం. అవన్నీ కలిపి మళ్లీ పంపమని అడిగాను. హార్డ్‌వేర్‌కి ₹1,24,000, కిరాయి, బిగింపు కలిపి ₹58,000 వేశారు. ₹4,76,500 అయింది. దానిమీద 18 శాతం పన్ను కలిపితే ₹5,62,270. మొదట చూపించిన అంకెకి దాదాపు రెట్టింపు.

పన్ను గురించి ఆస్పత్రుల వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. వైద్యసేవలకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి మనకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఫ్యాక్టరీ వాళ్లకైతే ఆ 18 శాతంలో కొంతైనా వెనక్కి వచ్చే దారి ఉండొచ్చు, మనకి మాత్రం అది పూర్తిగా ఖర్చే. అందుకని కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు పన్నుతో కలిపిన అంకెలే చూడండి.

భువనేశ్వర్ వాళ్లు మాటలో మర్యాదస్తులు, ఫోన్ చేస్తే ఎత్తేవారు. ధర మధ్యస్తం. బిగింపు ఎలా చేస్తారని అడిగితే ఫ్రేముకీ గోడకీ మధ్య సందులో ఫోమ్ కొడతామన్నారు. ఏ ఫోమ్ అని అడిగితే బజార్లో దొరికేదే, కిటికీలకి కొట్టేదేనన్నారు. మామూలు పీయూ ఫోమ్ మంట తగిలితే కాలిపోతుంది. తలుపు రెండు గంటలు నిలబడినా చుట్టూ ఉన్న సందులోంచి పది నిమిషాల్లో పొగ ఇవతలికి వచ్చేస్తుంది. అక్కడితో వాళ్లని పక్కన పెట్టాం.

మా ఊరి వెల్డింగ్ షాపు ఆయన నాకు ఎప్పట్నుంచో తెలుసు. మా గేట్లు, జనరేటర్ షెడ్డు ఆయన చేసినవే, గట్టి పనివాడు. "హొయిజిబ (అయిపోతుంది) మేడం, మందం షీటు వేసి లోపల గ్లాస్‌వూల్ కుక్కేస్తాను, రెండు గంటలేంటి, నాలుగు గంటలు ఆగుతుంది" అన్నారు. మిగతావాళ్ల రేటులో మూడోవంతు చెప్పారు. ఆయన మాటలో మోసం లేదు, అలాగే ఆగుతుందని నిజంగానే నమ్ముతున్నారు. కానీ ఫైర్ డోర్‌ని ల్యాబ్‌లో కొలిమిలో పెట్టి పరీక్షిస్తారు. వేడి గంటకి 945 డిగ్రీల దాకా, రెండు గంటలకి 1,049 డిగ్రీల దాకా పెంచుతారు. గ్లాస్‌వూల్ అంటే గాజు దూది, అది అంతకు చాలాముందే మెత్తబడి కూలిపోతుంది. ఇనుప షీటు వంగుతుంది, మూలల్లో సందులు తెరుచుకుంటాయి. పరీక్ష చూసినవాళ్లు అదే చెప్తారు: తలుపు విఫలమయ్యేది రెక్క మధ్యలో కాదు, గడియ దగ్గర, మూలల దగ్గర. ఆ సంగతి ఆయనకి వివరంగా చెప్పాను, ఏమీ అనుకోలేదు. కంతల అంచులు సరిచేసే పని, పాత ఫ్రేములు తీసే పని ఆయనకే ఇచ్చాం, చక్కగా చేశారు.

ఇక విశాఖ వాళ్లు. కాగితం పంపిన మర్నాడు వాళ్ల ఎస్టిమేటర్ కుర్రాడు ఫోన్ చేశాడు. ధర ఊసే లేదు, అన్నీ ప్రశ్నలే. "గోడ ఇటుకదా, ఫ్లై యాష్ ఇటుకా, కాంక్రీటా మేడం? మందం తొమ్మిదంగుళాలా, నాలుగున్నరా? నేల ఫినిషింగ్ అయిపోయిందా, మీద మళ్లీ గ్రానైట్ వేస్తారా? తలుపు ఎటు తెరుచుకోవాలి? తెరిస్తే వెనక స్విచ్‌బోర్డు ఉందా? మీ స్ట్రెచర్ వెడల్పెంత? సెలైన్ స్టాండ్ పట్టుకుని మనిషి పక్కన నడుస్తారా? ఫైర్ అలారం ప్యానెల్ ఉందా?" స్ట్రెచర్ వెడల్పు మిగతా ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. గోడ కంత 1,500 మిల్లీమీటర్లుంటే ఫ్రేము రెండు వైపులా కొంత తింటుంది, తెరిచిన రెక్క మందం ఇంకొంత తింటుంది, చివరికి మంచం దూరే దారి ఎంత మిగులుతుందన్నదే లెక్క అని ఆ బాబే విడమరిచి చెప్పాడు.

తర్వాత విశాఖ నుంచి రైల్లో వచ్చి స్వయంగా కొలతలు తీసుకున్నాడు. ప్రతి కంతా పైన, నడుమ, కింద మూడు చోట్ల వెడల్పు కొలిచి, మూల నుంచి మూలకి టేపు లాగి చూశాడు. రెండో అంతస్తు కంత ఒక మూలకి 18 మిల్లీమీటర్లు పక్కకి వాలి ఉంది. ఇన్నేళ్లుగా రోజూ ఆ దారినే తిరుగుతున్నాం, ఎవరికీ తెలియదు. "ఫ్యాక్టరీలో తలుపు తిన్నగా వస్తుంది మేడం, గోడ వంకరైతే ఒక పక్క సందు ఎక్కువైపోతుంది. ముందు ఇది సరిచేయించండి" అని కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు. ఆ రాకపోకలకి డబ్బు తీసుకోలేదు.

వాళ్ల కొటేషన్ ఏడు పేజీలు. ఒక్కో తలుపుకి ఒక నంబరు, అది ఏ అంతస్తులో ఎక్కడ, ఎటు తెరుచుకుంటుంది, దానికి ఏ హార్డ్‌వేర్, అన్నీ వరుసగా రాశారు. రెక్కకి 1.2 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ షీటు, ఫ్రేముకి 1.6. రెక్క మందం 46 మిల్లీమీటర్లు. లోపల రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి తీసిన దూది. ఫ్రేము చుట్టూ ఇంట్యుమెసెంట్ స్ట్రిప్, అంటే వేడి తగిలితే ఉబ్బి సందు మూసేసే పట్టీ. గోపాల్‌పూర్ సముద్రపు గాలి మా ఊరిదాకా వస్తుంది కాబట్టి బందులు 304 స్టెయిన్‌లెస్‌వే వేశారు. మొత్తం ₹5,08,000, పన్నుతో ₹5,99,440. కిరాయి, దింపుడు, బిగింపు, ఫ్రేములో సిమెంట్ నింపే గ్రౌటింగ్ అన్నీ అందులోనే. హైదరాబాద్ వాళ్ల పూర్తి లెక్కకన్నా ₹37,170 ఎక్కువ.

ఆ తేడా పెట్టడానికి డాక్టర్ గారు ఒప్పుకున్నది ఒక కారణంతో. అందరి కొటేషన్లలోనూ రెండు గంటలు అనే ఉంది, కానీ ఆ రెండు గంటలు దేనికి? మంటని, పొగని అవతలే ఆపడం ఒకటి. అవతలి వేడి ఇవతలి ముఖానికి రాకుండా ఆపడం ఇంకొకటి. మొదటిదాన్ని ఇంటిగ్రిటీ అంటారు, రెండోదాన్ని ఇన్సులేషన్ అంటారు. కొలిమిలో పరీక్ష చేసేటప్పుడు ఇవతలి ముఖం మీద సగటు వేడి మొదట ఉన్నదానికన్నా 140 డిగ్రీలు దాటి పెరిగినా, ఏ ఒక్క చోటైనా 180 దాటినా ఇన్సులేషన్ పోయిందని లెక్క. హైదరాబాద్ తలుపు లోపల కాగితపు హనీకోంబ్, అంటే తేనెపట్టులా గళ్లున్న కాగితం. ఇంటిగ్రిటీ రెండు గంటలు, ఇన్సులేషన్ గురించి రిపోర్టులో ఒక్క మాట లేదు. అలాంటి తలుపు కాలుతున్న పెనంలా అయినా పరీక్షలో నెగ్గినట్టే. విశాఖ వాళ్లది ఇంటిగ్రిటీ రెండు గంటలు, ఇన్సులేషన్ గంట. గోడౌన్‌కైతే మొదటి రకం సరిపోతుందేమో. ఆస్పత్రిలో మంచాలని ఒక వైపు నుంచి ఇంకో వైపుకి లాగి, తలుపు మూసి, ఆ తలుపు పక్కనే మనుషుల్ని ఉంచాల్సి వస్తుంది. కొటేషన్ చేతికి రాగానే ఈ ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి.

టెస్ట్ రిపోర్టు కూడా తెప్పించుకుని చదవండి, మొదటి పేజీ ఫొటో పంపితే ఒప్పుకోకండి. పరీక్షించింది ఒంటి రెక్క తలుపైతే ఆ రిపోర్టు రెండు రెక్కలదానికి చెల్లదు. పరీక్షించిన సైజు, అవతల కనపడేందుకు తలుపులో పెట్టిన గాజు సైజు, ఏ తాళం, ఏ క్లోజర్ వాడారన్నది రిపోర్టులో రాసి ఉంటుంది. ఇండియన్ స్టాండర్డ్ 3614 ప్రకారమా, బ్రిటిష్ 476 ప్రకారమా అన్నది కూడా ఉంటుంది. మేం అడిగితే విశాఖ వాళ్లు రెండు రెక్కల తలుపు రిపోర్టు మొత్తం పంపారు. మేం కోరిన గాజు అందులో పరీక్షించినదానికన్నా పెద్దది. "అంత పెద్దది పెట్టలేం, తగ్గించుకోండి" అని వాళ్లే చెప్పారు. అమ్ముకునేవాడు వచ్చిన ఆర్డర్‌లో ఒక కోరికని వద్దనడం చూశాక నాకు వాళ్లమీద గురి కుదిరింది.

సరుకు చెప్పిన గడువుకి పది రోజులు ఆలస్యంగా వచ్చింది. అడ్వాన్స్ సగం, లారీ బయల్దేరేముందు 40 శాతం ఇచ్చాం. మిగతా పది శాతం పని అప్పజెప్పాకే అని ముందే రాయించుకున్నాం. అలా రాయించుకోకపోతే ఫిట్టర్లు మళ్లీ మళ్లీ రావడానికి కారణం ఉండదు.

బిగించడానికి వచ్చిన మేస్త్రీది సోంపేట వైపు, యాభై దాటిన మనిషి. ఓపీ అయ్యాక మధ్యాహ్నం పూట మాత్రమే డ్రిల్లింగ్ చేయాలని షరతు పెట్టాను. వార్డు వైపు ప్లాస్టిక్ పట్టా కట్టి, డ్రిల్లు పక్కనే వాక్యూమ్ గొట్టం పట్టించి చేశారు. ఆయాసం పేషెంట్లు ఒక్కరు కూడా దుమ్మని ఫిర్యాదు చేయలేదు. ఫ్రేము నిలబెట్టి, నిటారుగా ఉందో చూసి, యాంకర్ ఫాస్టెనర్లు బిగించి, బోలుగా ఉన్న ఫ్రేము లోపలంతా సిమెంట్ గ్రౌట్ నింపారు. అది గట్టిపడేదాకా ఒక రోజంతా రెక్క ఎక్కించనివ్వలేదు. మా వార్డ్ బాయ్స్ తొందరపెడితే, "ఇప్పుడు ఎక్కిస్తే ఫ్రేము వాలిపోద్ది బాబూ, తర్వాత మీరెంత తోసినా మూసుకోదు" అన్నారు.

రెక్క ఎక్కించాక ఆయన చేసిన పని నేను దగ్గరే నిలబడి చూశాను. జేబులోంచి 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్ల తీసి రెక్కకీ ఫ్రేముకీ మధ్య సందులో పైనుంచి కిందదాకా జరుపుకుంటూ వచ్చారు. ఒక చోట బిళ్ల వదులుగా ఆడింది. మళ్లీ బందు విప్పి, కింద పల్చని రేకు ముక్క పెట్టి, బిగించి మళ్లీ జరిపారు. తర్వాత తలుపుని సగం తెరిచి వదిలారు, పూర్తిగా తెరిచి వదిలారు, చివరికి జానెడే తెరిచి వదిలారు. జానెడు తెరిచినప్పుడు క్లోజర్‌కి ఊపు చాలక గడియ పడలేదు. "ఇదేనమ్మా అసలు పరీక్ష, పెద్దగా తెరిస్తే ఏ తలుపైనా పడుద్ది" అంటూ క్లోజర్ స్క్రూ కొద్దిగా తిప్పి, టక్ మని గడియ పడేదాకా వదల్లేదు. రెండు రెక్కల తలుపుల్లో ఏ రెక్క ముందు మూసుకోవాలో చూసే కోఆర్డినేటర్ కూడా ఇలాగే సరిచేశారు. అది సరిగా లేకపోతే ఒక రెక్క మీద ఇంకోటి ఎక్కి, మధ్యలో బెత్తెడు సందు మిగిలిపోతుంది.

అలారం ప్యానెల్ ఉందా అని ఆ కుర్రాడు ఎందుకడిగాడో అప్పుడు అర్థమైంది. ఆస్పత్రిలో మెట్ల తలుపు రోజంతా మూసి ఉంచడం కుదరదు. స్ట్రెచర్లు, భోజనం ట్రాలీలు తిరుగుతూనే ఉంటాయి. ఏ ఉపాయమూ చూపించకపోతే సిబ్బంది ఇటుక అడ్డం పెడతారు, లేదా సిలిండర్ ఆనిస్తారు. అప్పుడు ఆరు లక్షలు పోసిన తలుపులు తెరిచే ఉంటాయి. దీనికి గోడకి 24 వోల్టుల అయస్కాంతం పెట్టి రెక్కని దానికి ఆనిస్తారు. అలారం మోగినా, కరెంటు పోయినా అయస్కాంతం వదిలేస్తుంది, క్లోజర్ తలుపు మూసేస్తుంది. మెయిన్ మెట్ల నాలుగు తలుపులకి ఇవి పెట్టించాం, దీనికి బిల్లు విడిగా అయింది. కరెంటు పోయినప్పుడల్లా తలుపులు పడిపోతాయని నర్సులు మొదట్లో విసుక్కున్నారు. అయస్కాంతాలకి కరెంటు అలారం ప్యానెల్ బ్యాటరీ నుంచి కలిపించాక ఆ గొడవ తగ్గింది. ఇప్పుడు నెలకొకసారి అలారం నొక్కి నాలుగూ పడుతున్నాయో లేదో చూసి రిజిస్టర్‌లో రాస్తున్నాం.

లోపాలు కూడా రాయాలి. వెనక మెట్ల తలుపు ఒకదాని రంగు మిగతావాటికన్నా ఒక ఛాయ తేడాగా వచ్చింది, అలాగే ఉంచేశాం. స్టోర్ తలుపు క్లోజర్ నుంచి నూనె కారింది. ఫోన్ చేస్తే కాదనలేదు, కానీ ఇచ్ఛాపురంలో ఇంకో పని పడేదాకా ఆగి, ఆ ట్రిప్పులోనే వచ్చి మార్చారు. అంతవరకూ ఆ తలుపుకి ఒక మనిషిని కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ విషయంలో నాకు అసంతృప్తి ఉంది, వాళ్లకీ చెప్పాను. ప్రతి రెక్క అంచునా బందుల వైపు రివెట్ చేసిన లోహపు పట్టీ, దానిమీద సీరియల్ నంబరు, రేటింగు ఉన్నాయి. అవి రిపోర్టుతో సరిచూసుకున్నాకే మిగతా పది శాతం చెక్కు ఇచ్చాను. ఆ పట్టీ మీద రంగు వేయొద్దని పెయింటర్లకి గట్టిగా చెప్పండి.

ఇప్పుడు వార్షిక సర్వీసుకి కొటేషన్ అడిగాను. క్లోజర్లు, బందులు, స్ట్రిప్పులు, సందులు ఏడాదికి రెండుసార్లు చూసిపోవడానికి చెప్పిన రేటులో సగానికి పైగా విశాఖ నుంచి మనిషి రావడానికే పోతోంది. బరంపురంలోనో ఛత్రపూర్‌లోనో ఇంకో రెండు మూడు ఆస్పత్రులు కలిస్తే ఒకే ట్రిప్పులో అందరివీ చూసేలా రేటు తగ్గిస్తామన్నారు. కలిసే ఉద్దేశం ఉన్నవాళ్లు మీ తలుపులు ఎన్నో, ఏ రకమో రాసి చెప్పండి, అందరి తరఫునా నేను మాట్లాడతాను.